ఎడమచేతి కొముజ్

కీజిల్-బులాక్
1984 అక్టోబరు 9

మామయ్యకి,

మీరు, అత్తయ్య, మీ గుర్రాలు అందరూ బాగున్నారనుకుంటాను. నా సంగతి అమ్మ ఈపాటికి రాసే ఉంటుంది. అమ్మ ఉత్తరంలో ఏడుపు ఎక్కువ, విషయం తక్కువ ఉంటుంది కాబట్టి ఒక్కసారి నేనే చెప్పేస్తాను. మళ్లీ అడగొద్దు.

ఫ్యాక్టరీలో ఉన్ని దువ్వే యంత్రాల్లో నాలుగో నంబరు నాది. దాని పళ్ల చక్రం మీద ఒక రేకు మూత ఉండాలి. వేసవిలో మరమ్మతుకని తీశారు, మళ్లీ పెట్టలేదు. మూత లేకపోతే ఉన్ని తొందరగా అందించవచ్చు, పని చురుగ్గా సాగుతుంది. అందుకని ఎవరూ దాన్ని గుర్తు చేసుకోలేదు. నా ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు మొదలంటా పోయాయి. ఆస్పత్రిలో బాగా చూశారు. నొప్పి తగ్గింది. "పిల్ల పరధ్యానం వల్ల జరిగింది" అని మా ఫోర్‌మన్ సదీర్ అందరికీ చెప్పుకొచ్చాడు.

ఇప్పుడు నన్ను గుమ్మం పక్కన కోట్లు తగిలించే గదిలో కూర్చోబెట్టారు. పొద్దున కోట్లు తీసుకోవడం, సాయంత్రం ఇవ్వడం, మధ్యలో గోడ చూడటం.

మీరు చెక్కి ఇచ్చిన మూడు తీగల కొముజ్‌ని, ఫ్యాక్టరీ క్లబ్బులో కొముజ్ వాయించేవాళ్ల వరసని నడిపే ఒమూర్‌కుల్‌కి ఇచ్చేశాను. తీగలు నొక్కాల్సిన చేతికి వేళ్లు లేనప్పుడు నా దగ్గరుండి ఏం చేస్తుంది. వరసలో నా కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుంది. బాగానే వాయిస్తోందట.

ప్రతి చలికాలం మీరు నాకొక కొత్త బాణీ నేర్పేవారు. ఈ ఏడు వద్దు. ఉత్తరంలో ఏ బాణీ పేరూ ఎత్తొద్దు.

మీ మేనకోడలు,
జిపారా


కీజిల్-బులాక్
1984 నవంబరు 2

తాబిల్దీ మామయ్యకి,

లారీ డ్రైవర్ జోలోన్ నిన్న కోట్ల గదికొచ్చి, కంబళిలో చుట్టిన మూటొకటి నా బల్ల మీద పెట్టి, "మీ మామయ్య పంపాడు" అని టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. విప్పితే కొముజ్. కొత్తది, ఆప్రికాట్ చెక్క వాసన ఇంకా పోలేదు. దానికి తోడుగా ఒక్క మాట లేదు, చిన్న చీటీ లేదు.

పైగా తీగలు తారుమారుగా కట్టి ఉన్నాయి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి.

తాగి కట్టారా? లేక నవ్వించాలనుకున్నారా? ఇక్కడ నన్ను చూసి నవ్వేవాళ్లు నవ్వుతున్నారు, జాలిపడేవాళ్లు జాలిపడుతున్నారు. మీరు రెండు గుంపుల్లోనూ ఉండరనుకున్నాను. కంబళి మాత్రం ఉంచుకుంటాను, గది చల్లగా ఉంటుంది. కొముజ్‌ని జోలోన్ మళ్లీ వచ్చినప్పుడు తిప్పి పంపేస్తాను.

జిపారా


అక్-ముజ్
1984 నవంబరు 16

అమ్మలూ,

నీ తిట్లు క్షేమంగా అందాయి. మీ అత్తయ్యకి చదివి వినిపించాను. "బాగా తిట్టింది, ఇంకో రెండు వేయాల్సింది" అంది.

కొముజ్‌తో పాటు ఉత్తరం పంపాను. జోలోన్ దాన్ని టోపీ మడతలో పెట్టుకున్నాడు. దారిలో గుర్రప్పందెం దగ్గర ఆగి ఆ టోపీని పందెంలో పోగొట్టుకున్నాడు. నా ఉత్తరం ఇప్పుడు నరీన్ పట్నంలో ఎవడి నెత్తి మీదో తిరుగుతోంది. నీకు చెప్పడానికి మొహం చెల్లక టీ తాగకుండా పారిపోయాడు. వాడు టీ వద్దన్నాడంటేనే నువ్వు అనుమానపడాల్సింది.

అందులో రాసింది మళ్లీ రాస్తున్నాను. కొముజ్‌కి మూడు తీగలు. పాడేది నడిమిది. పక్కవి రెండూ దానికి వంత. నడిమిది ఎటు తిప్పినా నడిమినే ఉంటుంది. పక్కవాటిని అటుదిటు మార్చాను, అంతే. ఇక నువ్వు కుడిచేత్తో నొక్కు, ఎడమచేత్తో మీటు. మీటే చేతికి నీకు బొటనవేలుంది, ఉంగరపువేలుంది, చిటికెనవేలుంది. సరిపోతాయి. ఎలా తెలుసని అడగొద్దు.

తొందరపడి బాణీ మొదలుపెట్టకు. బొటనవేలితో కిందికి, ఉంగరపువేలితో పైకి. నడిమి తీగ ఒక్కటే. గుర్రం నీళ్లు తాగేటప్పుడు గొంతు చూశావుగా, అలా ఆగకుండా కదలాలి. విసుగు పుడుతుంది. పుట్టనీ. చిన్నప్పుడు నీకు విసుగు పుడితే కొముజ్‌ని పొయ్యిలో పెడతానని నన్ను బెదిరించేదానివి. ఇప్పుడు బెదిరించినా నాకు వినపడదు.

తిప్పి పంపితే నేను మళ్లీ పంపుతాను. జోలోన్‌కి మనిద్దరి మధ్య తిరగడమే ఉద్యోగమవుతుంది.

నీ మొండి మామ,
తాబిల్దీ


కీజిల్-బులాక్
1984 డిసెంబరు 22

మామయ్యా,

తిప్పి పంపలేదు. మీరు చెప్పారని కాదు, జోలోన్ ఈ నెలంతా రాలేదు.

వాయిస్తున్నాను. అది వాయించడమే అయితే. కుడిచేతి వేళ్లకి తీగ ఎక్కడుందో తెలియదు, ఎడమచేతికి ఎంత గట్టిగా మీటాలో తెలియదు. గచ్చు మీద రేకు డబ్బా ఈడ్చినట్టు ఉంటుంది. నా అదృష్టం ఏమిటంటే, కోట్ల మధ్య కూర్చుంటే శబ్దం బయటికి పోదు. గొర్రెతోలు కోట్లు ఎంత తప్పునైనా మింగేస్తాయి. పొద్దున కోట్లు తగిలించేశాక లోపలి వరసల మధ్యకి దూరిపోతాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఆడవాళ్లు "కోట్లు మూలుగుతున్నాయేమిటే" అంటున్నారు.

ఒమూర్‌కుల్ దగ్గరికి వెళ్లి, వసంతానికల్లా వరసలోకి తిరిగి వస్తానని చెప్పాను. నా చేతిలో కొముజ్ పట్టు చూసి తల అడ్డంగా ఊపాడు. "చూడమ్మా, అందరి కొముజ్‌ల మెడలూ ఒకవైపుంటే నీదొక్కటీ ఇంకోవైపు. పక్కపిల్ల కంట్లో పొడుస్తావు. వేదిక మీద వరస చెడిపోతుంది" అన్నాడు.

"మనం వాయించేది వరస కోసమా, బాణీ కోసమా" అన్నాను.

"జనం చూసేది వరసనే" అన్నాడు.

ఆ మాటకి నాకు మండింది. ఇంటికొచ్చి వేళ్లు వాచేదాకా వాయించాను.

ఇంకో సంగతి. మీ ఊరి వైపు నుంచి వచ్చిన ఉన్ని బండివాళ్లు ఒక మాట చెప్పారు. మీరు ఎడమచేత్తో మీటుతున్నారని, ఆ చేతికి కట్టు ఉందని, చిన్నపిల్లాడిలా తడుముకుంటున్నారని. మామయ్యా, మీ చేతికేమైంది? పక్షవాతమా? నా దగ్గర దాస్తున్నారా? అమ్మని అడిగితే కళ్లు తుడుచుకుని గదిలోకి వెళ్లిపోయింది. దయచేసి నిజం రాయండి. మీకు అలా ఉంటే నాకు ఈ పాఠాలేవీ వద్దు.

జిపారా


అక్-ముజ్
1985 జనవరి 18

పిచ్చితల్లీ,

నా చేతులు రెండూ గుర్రాన్ని ఆపగలిగేంత బాగున్నాయి. మీ అమ్మ నేనేం చెప్పమన్నానో అదే చెప్పింది, అంటే ఏమీ చెప్పలేదు. కళ్లు తుడుచుకోవడం మా అక్క సొంత కవిత్వం.

నువ్వు అడిగావు కాబట్టి ఇక దాచలేను. నీకు పాఠం రాయాలంటే అది నాకు తెలియాలి కదా. మూడు వేళ్లతో ఎలా మీటాలో మా నాన్న నాకు నేర్పలేదు. అందుకని నా కొముజ్‌కి కూడా తీగలు మార్చి, ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు అరచేతికి ఆనించి గుడ్డతో కట్టేసుకుని కూర్చుంటున్నాను. ఉంగరపువేలితో పైకి మీటితే గోరు విరుగుతుందని అలాగే తెలిసింది. వేలి పక్కభాగంతో మీటు, గోటితో కాదు. నువ్వు ఒక మెట్టు ఎక్కేలోపు నేను దాని పై మెట్టు మీద ఉండాలి. రెండుసార్లు నువ్వే నన్ను దాటేశావని అనుమానం.

మొన్న బెక్‌తూర్ పెద్దాయన డెబ్బయ్యో ఏటి విందులో నన్ను వాయించమన్నారు. కట్టు విప్పకుండానే వాయించాను. గుడారమంతా నవ్వు. బెక్‌తూర్ ముసలాయన "తాబిల్దీ, ఆ రెండు వేళ్లూ ఏం తప్పు చేశాయని కట్టేశావు" అన్నాడు.

"తప్పేం లేదు, సెలవిచ్చాను" అన్నాను.

"మాకూ సెలవివ్వు మరి" అని అరిచాడు ఎవడో వెనక నుంచి.

బాణీ చివరిదాకా వాయించాకే లేచాను. మాంసం పంచేటప్పుడు ఎప్పుడూ నా ముందు పెట్టే పెద్ద ఎముక బదులు పక్కటెముక పెట్టారు, పిల్లలకిచ్చేది. మీ అత్తయ్య మొహం మాడ్చుకుంది. ఇంటి దాకా గుర్రంతో మాట్లాడింది కానీ నాతో మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ పక్కటెముక రుచిగానే ఉంది.

ఇక బాణీలు. 'కోడళ్ల పోట్లాట' మొదలుపెట్టు, నీకది చిన్నప్పటి నుంచి ఇష్టం. పక్క తీగలు రెండూ తిట్టుకుంటాయి, నడిమిది అత్తగారిలా మధ్యలో దూరుతుంది. తప్పులు దొర్లినా పోట్లాటలో కలిసిపోతాయి. అది పట్టుబడ్డాక 'వంతెన లేని ఏరు', గుర్రం ఏరు దాటే బాణీ. దాంట్లో తప్పు దాక్కోవడానికి చోటుండదు.

కట్టు విప్పమని మాత్రం రాయకు, విప్పను.

తాబిల్దీ

(నేను సోన్‌బూబు అత్తయ్యని. ఈయన అన్నం కూడా ఆ కట్టుతోనే తింటున్నాడు. చొక్కాలన్నీ పులుసు. తొందరగా నేర్చుకుని నన్ను గట్టెక్కించు తల్లీ.)


కీజిల్-బులాక్
1985 మార్చి 30

మామయ్యా, అత్తయ్యా,

మీ ఉత్తరం చదివాక కోట్ల వెనక కూర్చుని వాయించాను, అందుకే జవాబు ఆలస్యమైంది. అత్తయ్యకి సబ్బులు పంపుతున్నాను.

'కోడళ్ల పోట్లాట' వచ్చేసింది. భోజనం వేళ ఆడవాళ్లు కోట్ల గదిలోకి వచ్చి కూర్చుంటున్నారు. అత్తగారు దూరే చోటికి రాగానే పొట్ట పట్టుకుని నవ్వుతారు, ఎవరి అత్తగారు వాళ్లకి గుర్తొస్తారు. 'ఏరు' సగం వచ్చింది. నీళ్లలోకి గుర్రం దిగే చోట బొటనవేలు తడబడుతోంది. గుర్రం కొట్టుకుపోతోంది. మళ్లీ ఒడ్డుకు తెచ్చి దింపుతున్నాను. వేలి పక్కతో మీటమన్న మీ ఉపాయం అక్కడ పనికిరాలేదు. చిటికెనవేలిని చెక్క అంచుకి ఆనించి చూడండి, చెయ్యి నిలబడుతుంది. ఇది నేను కనిపెట్టాను.

ఒమూర్‌కుల్ మొన్న తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "మే ఒకటి సభలో ఒంటరిగా వాయించు. అప్పుడు వరస గొడవ ఉండదు" అన్నాడు. నాకు సంతోషమేసింది, ఒక నిమిషం. తర్వాత చెప్పాడు. నన్ను పరిచయం చేసేటప్పుడు నా చేతి సంగతి చెబుతారట, ఫ్యాక్టరీ నన్నెలా ఆదుకుందో చెబుతారట. ఫోర్‌మన్ సదీర్ కూడా వేదిక మీదికి వచ్చి పూలిస్తాడట.

నాలుగో నంబరు మీద ఇప్పుడు తాజీగుల్ అనే కొత్త పిల్ల పని చేస్తోంది. స్కూలు నుంచి నేరుగా వచ్చింది. దాని మీద మూత ఇంకా పెట్టలేదు. ఆ పిల్ల కోటు ఇచ్చేటప్పుడు రోజూ నా చెయ్యి చూస్తుంది. నేను దాచను, చూడనిస్తాను.

సభకి వస్తానని ఒప్పుకున్నాను. మీరు దీవించండి చాలు, బయలుదేరి రావద్దు, దారిలో మంచు కరుగుతూ ఉంటుంది.

మీ జిపారా


అక్-ముజ్
1985 మే 19

నా తల్లీ,

జోలోన్ వచ్చాడు. సభ రోజు హాలు తలుపు దగ్గర నిలబడి చూశాడట. నువ్వు వేదిక ఎక్కావని, కొముజ్ ఒళ్లో పెట్టుకున్నావని, పెదాలు కదిలాయని, చెయ్యి మాత్రం తీగ మీదికి రాలేదని చెప్పాడు. హాలంతా గోల లేచిందట. నువ్వు అలాగే కూర్చుండిపోయి, చివరికి వాయించకుండా దిగి వెళ్లిపోయావట. వాడికి వెనక నుంచి ఏమీ వినపడలేదు. బండికి టైమైందని వచ్చేశాడు. ఈసారి టీ తాగాడు కానీ కప్పు వైపే చూస్తూ చెప్పాడు.

నిన్ను నేనే ఎగదోశాను. అక్కడ ఒంటరిగా కూర్చున్నప్పుడు నీకెలా ఉండి ఉంటుందో తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. ఇంకా ఈత నేర్వని గుర్రాన్ని నీళ్లలోకి తోలేవాడిని నేను ఎప్పుడూ తిడతాను, ఇప్పుడు నేనే ఆ పని చేశాను.

ఇక ఆపెయ్. నేనింతవరకు ఎవరికీ చెప్పని మాట ఇది. ఆపెయ్, ఇక్కడికి రా. జూన్‌లో గుర్రాల్ని మేపడానికి పచ్చిక కొండలకి పోతున్నాం. పులిసిన గుర్రపుపాల కుమిస్ తాగు, నిద్రపో, గుర్రప్పిల్లల్ని చూసుకో. కొముజ్ ఊసు ఎవరూ ఎత్తరు. నా చేతి కట్టు విప్పేశాను.

నీ మామయ్య


కీజిల్-బులాక్
1985 జూన్ 4

మామయ్యా,

ముందు ఆ కట్టు మళ్లీ కట్టుకోండి. తర్వాత చదవండి.

జోలోన్ చూసింది నిజమే. విననిది నేను చెబుతాను.

ఒమూర్‌కుల్ నన్ను పరిచయం చేశాడు. చెయ్యి సంగతి, ఫ్యాక్టరీ దయ సంగతి, ధైర్యం సంగతి. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఇంకా ఏమీ వాయించలేదు మామయ్యా, అప్పుడే ఏడుస్తున్నారు. సదీర్ పక్కన పూలు పట్టుకుని నిలబడ్డాడు. నేను కూర్చుని, కొముజ్ ఒళ్లో పెట్టుకుని అన్నాను:

"నా వేళ్లు పోయింది నాలుగో నంబరు యంత్రంలో. దాని మీద మూత ఇప్పటికీ లేదు. ఇప్పుడక్కడ తాజీగుల్ పని చేస్తోంది. మూత పెట్టిన రోజున వాయిస్తాను."

అంతే. ఆ తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సదీర్ వంగి "వాయించవే, పరువు తీయకు" అన్నాడు. ఎవరి పరువో చెప్పలేదు. హాల్లో ఒకరు "సిగ్గులేదూ" అన్నారు, ఇంకొకరు "నిజమేగా" అన్నారు. తర్వాత గోల. మా ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ముగ్గురు లేచి నిలబడ్డారు. నేను దిగి వచ్చాను.

చేతకాక వాయించలేదనుకున్నారా? రెండు బాణీలూ వేళ్ల చివర ఉన్నాయి. ఆ రోజు పొద్దున గుర్రం ఏరు దాటింది, ఎక్కడా జారలేదు. వాయించకుండా కూర్చోవడమే కష్టమైంది. చెయ్యి దానంతటదే లేస్తోంది, రెండో చేత్తో పట్టుకున్నాను. వాయించడం రాని మనిషి నేను వాయించనంటే ఎవరు లెక్క చేస్తారు? చలికాలమంతా నేర్చుకున్నది అందుకు పనికొచ్చింది.

మర్నాడు సదీర్ పిలిచి "నిన్ను కోట్ల గదిలోంచి తీసేస్తున్నాను" అన్నాడు. "ఎండాకాలం కోట్లు ఎవరేసుకుంటారు" అన్నాను. ఇప్పుడు పెరట్లో మురికి ఉన్ని ఏరుతున్నాను. వాసన భరించలేం కానీ గాలి బాగుంటుంది. క్లబ్బులోకి రావద్దన్నారు.

అమ్మ నాతో మాట్లాడటం లేదు. నేను పచ్చిక కొండలకి రాను, ఇప్పుడు కాదు. వస్తే వాళ్లకి భయపడి పారిపోయినట్టు అవుతుంది.

నన్ను ఆపెయ్యమని ఇంకెప్పుడూ రాయకండి. మీ చేతిరాతలో ఆ మాట బాగోలేదు.

జిపారా


పచ్చిక కొండలు
1985 జూన్ 23

జిపారాకి,

నీ ఉత్తరం ఇక్కడికి గుర్రం మీద వచ్చింది. ఒకసారి చదివాను. మీ అత్తయ్య లాక్కుని చదివింది. తర్వాత ఇద్దరం గుడారం బయట కూర్చున్నాం.

కట్టు కట్టుకున్నాను. కట్టింది మీ అత్తయ్య. గట్టిగా కట్టింది, వేళ్లు తిమ్మిరెక్కాయి.

నీ మీద కోపం కూడా ఉంది. సభకి ముందే నాకో మాట రాసి ఉంటే ఇన్ని రోజులు అన్నం మానేవాడిని కాదు. కానీ రాసి ఉంటే నేను వద్దనేవాడినేమో. అది తెలిసే రాయలేదు నువ్వు. తెలివైనదానివి, ఎవరి పోలికో తెలియదు.

మీ అమ్మకి నేను రాస్తాను. సదీర్‌కి రాయను, రాస్తే నా భాష చెడిపోతుంది.

చిటికెనవేలి ఉపాయం బాగుంది. అది ఇక మీద నీ పేరుతోనే చెబుతాను.

తాబిల్దీ


కీజిల్-బులాక్
1985 జూలై 21

మామయ్యా,

మూత పెట్టారు.

తాజీగుల్ పెట్టించింది. సభ అయిన కొన్నాళ్లకి ఒక పొద్దున తను నాలుగో నంబరు ముందు చేతులు కట్టుకుని నిలబడి "మూత ఎక్కడ" అని అడిగిందట. సదీర్ అరిచాడు. తను మళ్లీ అదే అడిగింది. కేకలు వేయలేదు, ఏడవలేదు, మూత ఎక్కడ అంతే. మూడో నంబరు ఆవిడ తన యంత్రం ఆపేసింది. తర్వాత ఐదో నంబరు. మధ్యలో రెండుసార్లు పనిలోకి తోలారు, మళ్లీ ఆపారు. వాళ్లలో ఒకరికి జీతం కోశారు, ఒకరిని నాతో పాటు పెరట్లోకి తోశారు. చివరికి మొన్న బుధవారం ఫిట్టర్ గోదాంలో పాత బస్తాల కింద నుంచి మూత లాక్కొచ్చాడు. అక్కడే ఉంది మామయ్యా, ఏడాదిగా. దుమ్ము దులిపి బిగించడానికి టీ కాచినంత సేపు పట్టింది.

అప్పుడు భోజనం వేళ, ఆడవాళ్లు వెంటనే పెరట్లోకి వచ్చారు. "మాటిచ్చావుగా, పద" అన్నారు. చేతులు కడుక్కుని కొముజ్ తీసుకుని యంత్రాల గదిలోకి వెళ్లాను. సదీర్ గుమ్మంలో నిలబడి "భోజనం ముగిసిందని గంట కొట్టేదాకానే. తర్వాత ఒక్క క్షణం ఆగను" అన్నాడు. ఒమూర్‌కుల్ కూడా వచ్చి ఒక మూల నిలబడ్డాడు.

బస్తా మీద కూర్చుని 'కోడళ్ల పోట్లాట' వాయించాను. నవ్వారు. ఒకచోట తప్పాను, ఎవరికీ తెలియలేదు. తర్వాత 'ఏరు' మొదలుపెట్టాను. ఎవరూ కదల్లేదు. గుర్రం నీళ్లలోకి దిగింది, నడుము దాకా మునిగింది, అప్పుడు గంట కొట్టారు.

సదీర్ తనే వెళ్లి యంత్రాల మీటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి దించాడు. యంత్రాలు లేచాయి. ఆ చప్పుడు మీకు తెలియదు, పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. ఆడవాళ్లు నా వైపు చూసుకుంటూనే తమ చోట్లకి వెళ్లి ఉన్ని అందించడం మొదలుపెట్టారు. తాజీగుల్ చేతులు మూతకి ఇవతల ఆగి, మళ్లీ వెనక్కి వచ్చాయి. నేను చూశాను.

నేను ఆపలేదు మామయ్యా. గుర్రం ఏటి మధ్యలో ఉంది, ఎలా ఆపను? సదీర్ ఎదురుగా వచ్చి ఏదో అంటున్నాడు, నోరు కదలడమే కనిపించింది. తల దించుకుని వాయించాను. నాకే వినపడలేదు. కానీ చెక్క ఛాతీకి ఆని ఉంటుంది కదా, ఒక్కో దెబ్బా అక్కడ తెలుస్తోంది. ఎక్కడా తప్పలేదు. ఒడ్డు ఎక్కేదాకా వాయించాను, చివరి దెబ్బ దాకా, ఆ తర్వాతే లేచాను.

అత్తయ్యకి నమస్కారాలు.

జిపారా